మెదడు గాయం గల వయోజనుల సామాజిక వ్యాయామం (కోవిడ్-19 కాలం)

మెదడు గాయం గల వయోజనుల సామాజిక వ్యాయామం అనగా మెదడు దెబ్బతిన్న పెద్దవారు ఆసుపత్రి చికిత్స ముగిసిన తరువాత, తాము నివసించే ఊరిలోనే, ఇతరులతో కలిసి క్రమం తప్పకుండా చేసే వ్యాయామం. ఉద్యానవనాలు, వ్యాయామశాలలు, ఈత కొలనులు, స్వచ్ఛంద సంస్థలు నడిపే పగటి సంరక్షణ కేంద్రాలు ఇందుకు వేదికలు. కోవిడ్-19 మహమ్మారి కారణంగా 2020 మార్చి నుండి ఈ వేదికలు అనేక దేశాలలో ఒక్కసారిగా మూతబడ్డాయి. వ్యాయామాన్ని టెలిఫోను, వీడియో పిలుపులు, ముద్రిత పత్రాల ద్వారా ఇంటికి చేర్చే ప్రయత్నాలు జరిగాయి. వ్యాయామపు కదలికలను ఇంటికి తేవడం చాలా వరకు సాధ్యమయింది. బృందం, స్థలం, నియమిత సమయం కలిసి ఇచ్చే ఆసరాను ఇంటికి తేవడం మాత్రం కష్టమయింది. మెదడు గాయం గలవారికి ఈ రెండవదే తరచు ఎక్కువ అవసరం కావడం వలన, ఈ అనుభవానికి పునరావాస వైద్యంలో ప్రాముఖ్యం ఏర్పడింది.

== మెదడు గాయం ==

పుట్టుక తరువాత సంభవించే మెదడు గాయాలను రెండు రకాలుగా విభజిస్తారు. బయటి నుండి తగిలిన దెబ్బ వలన కలిగేవి మొదటి రకం. రోడ్డు ప్రమాదాలు, ఎత్తు నుండి లేదా నడుస్తూ పడిపోవడం, దాడులు, ఆటలలో తగిలే దెబ్బలు వీటికి ముఖ్య కారణాలు. శరీరం లోపలి కారణాల వలన కలిగేవి రెండవ రకం. పక్షవాతం, మెదడువాపు, కణితులు, గుండె ఆగిపోవడం వలన మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం ఈ కోవలోకి వస్తాయి.

తలకు తగిలిన దెబ్బ తీవ్రతను అంచనా వేయడానికి గ్లాస్గో కోమా స్కేలును వాడతారు. దీనిని 1974లో గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ రూపొందించారు. కళ్ళు తెరవడం, మాట్లాడడం, కదలడం అనే మూడు స్పందనలకు మార్కులు వేసి కూడితే 3 నుండి 15 వరకు వస్తుంది. 13 నుండి 15 వరకు తేలికపాటి గాయం, 9 నుండి 12 వరకు మధ్యస్థ గాయం, 8 లేదా అంతకన్న తక్కువ ఉంటే తీవ్ర గాయం. ఇది గాయపడిన తొలి గంటలలో తీసే కొలత. సంవత్సరాల తరువాత ఆ వ్యక్తి ఎలా జీవిస్తాడో ఈ ఒక్క అంకె చెప్పలేదు.

దీర్ఘకాలంలో కనిపించే ఇబ్బందులు ఇవి:
* శారీరకమైనవి: ఒక వైపు కాలు, చేయి బలహీనపడడం, కండరాలు బిగుసుకుపోవడం, తూలడం, చూపులో లోపాలు, తలనొప్పి, మూర్ఛలు.
* ఆలోచనకు సంబంధించినవి: మతిమరపు, ఏకాగ్రత లోపం, ఒక పనిని తనంతట తాను మొదలుపెట్టలేకపోవడం, వరుసక్రమం తప్పడం.
* మనస్సుకు, ప్రవర్తనకు సంబంధించినవి: నిరాశ, ఆందోళన, త్వరగా కోపం రావడం, ముందువెనుకలు చూడకుండా పని చేయడం, తన లోపాన్ని తాను గుర్తించలేకపోవడం.
* అలసట: చిన్న పనికే మెదడు, శరీరం రెండూ అలసిపోవడం. విశ్రాంతి తీసుకున్నా ఇది పూర్తిగా తగ్గకపోవచ్చు.

వీటిలో చాలా లోపాలు బయటకు కనిపించవు. నడవగలుగుతున్న, మాట్లాడగలుగుతున్న వ్యక్తికి ఇంకా సహాయం అవసరమని ఇరుగుపొరుగువారికి, కొన్నిసార్లు బంధువులకు కూడా తెలియదు. అందువలన దీనిని కనిపించని వైకల్యం అని కూడా అంటారు.

== వ్యాయామం అవసరం ==

వారాల తరబడి మంచం మీద ఉండడం, తరువాత ఉద్యోగం, వాహనం నడపడం, స్నేహితులు దూరం కావడం వలన మెదడు గాయం గలవారిలో గుండె, ఊపిరితిత్తుల దారుఢ్యం బాగా తగ్గిపోతుంది. దారుఢ్యం తగ్గిన శరీరానికి మామూలు నడక కూడా శ్రమ అవుతుంది. శ్రమ అలసటను పెంచుతుంది, అలసట వలన మనిషి మరింత కదలకుండా ఉంటాడు. ఈ వలయాన్ని తెంచడం వ్యాయామం ఉద్దేశాలలో ఒకటి. రక్తపోటు, మధుమేహం, మళ్ళీ పక్షవాతం రావడం వంటి ముప్పులను తగ్గించడం, తూలి పడిపోకుండా చూడడం, నిద్రను, మానసిక స్థితిని మెరుగుపరచడం ఇతర ఉద్దేశాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులో శారీరక శ్రమపై కొత్త మార్గదర్శకాలను విడుదల చేసింది. వైకల్యం గలవారికి ప్రత్యేక సిఫారసులు చేర్చడం ఈ మార్గదర్శకాలతోనే మొదలయింది. వీటి ప్రకారం వయోజనులు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ గాని, 75 నుండి 150 నిమిషాల తీవ్ర శ్రమ గాని చేయాలి. వారానికి రెండు లేదా అంతకన్న ఎక్కువ రోజులు కండరాలను బలపరచే వ్యాయామాలు చేయాలి. ఈ లక్ష్యాన్ని చేరలేనివారికి కూడా కొద్దిపాటి శ్రమ అసలు లేకపోవడం కన్న మేలని, తక్కువతో మొదలుపెట్టి క్రమంగా పెంచాలని ఆ పత్రం చెబుతుంది.

మెదడు గాయం తరువాత దారుఢ్య వ్యాయామంపై కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్షను 2017లో సవరించారు. అందులో 8 అధ్యయనాలను, 399 మందిని పరిశీలించారు. వ్యాయామం వలన గుండె, ఊపిరితిత్తుల దారుఢ్యం పెరుగుతుందని సూచనలు ఉన్నాయి గాని, ఆధారాల నాణ్యత తక్కువని ఆ సమీక్ష తేల్చింది. అంటే వ్యాయామం పనికిరాదని కాదు, పరిశోధన చాలలేదని అర్థం.

== సామాజిక వ్యాయామం స్వభావం ==

ఆసుపత్రిలో జరిగే ఫిజియోథెరపీకి, సామాజిక వ్యాయామానికి భేదం ఉంది. మొదటిది ఒక లోపాన్ని సరిచేయడానికి కొంతకాలం జరిగే చికిత్స. రెండవది జీవితకాలం సాగవలసిన అలవాటు. మొదటిదానిలో వ్యక్తి రోగి, రెండవదానిలో సభ్యుడు. 1978 ఆల్మా-ఆటా ప్రకటన తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రోత్సహించిన సమాజ ఆధారిత పునరావాసం అనే భావన కూడా ఈ తేడాపైనే నిలిచింది. పునరావాసం ఆసుపత్రి గోడల మధ్య ముగియరాదని, మనిషి బ్రతికే చోటునే సాగాలని దాని సారాంశం.

మెదడు గాయం గలవారి విషయంలో బృందానికి మరొక ప్రయోజనం ఉంది. జ్ఞాపకం, చొరవ తగ్గినవారు "రేపటి నుండి రోజూ నడవండి" అని చెప్పినంత మాత్రాన నడవలేరు. ఇది సోమరితనం కాదు, పనిని మొదలుపెట్టే శక్తికి ఆధారమైన మెదడు భాగాలు దెబ్బతినడం దీనికి కారణం. మంగళవారం పది గంటలకు వచ్చే వాహనం, అదే గది, అవే ముఖాలు, పేరు పెట్టి పిలిచే శిక్షకుడు, పక్కవారిని చూసి అనుకరించే వీలు - ఇవన్నీ కలిసి బయటి నుండి జ్ఞాపకశక్తిగా, చొరవగా పనిచేస్తాయి. తనవంటి మరొకరిని చూడడం వలన ఒంటరితనం తగ్గుతుంది. వారిని ఇంటివద్ద కనిపెట్టుకుని ఉండే కుటుంబ సభ్యులకు కూడా ఆ గంట సేపు విశ్రాంతి దొరుకుతుంది.

బ్రిటన్‌లో 1979లో ఏర్పడిన హెడ్‌వే అనే స్వచ్ఛంద సంస్థకు అనుబంధంగా పనిచేసే స్థానిక బృందాలు ఇటువంటి సమావేశాలకు ఒక ఉదాహరణ. ప్రత్యేక బృందాలే కాక, అందరికీ తెరిచి ఉన్న కార్యక్రమాలు కూడా ఉపయోగపడతాయి. 2004 అక్టోబరు 2న లండన్‌లోని బుషీ పార్కులో మొదలయిన పార్క్‌రన్ అటువంటిది. ప్రతి వారం ఉచితంగా జరిగే ఈ 5 కిలోమీటర్ల కార్యక్రమంలో పరుగెత్తడమే కాక నడవడానికి కూడా వీలుంటుంది.

== మహమ్మారి ప్రభావం ==

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న కోవిడ్-19ను అంతర్జాతీయ ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. మార్చి 11న దానిని మహమ్మారిగా పేర్కొంది. ఆ తరువాత కొద్ది వారాలలోనే ప్రపంచంలో అనేక చోట్ల సామూహిక వ్యాయామం నిలిచిపోయింది.

=== బ్రిటన్ ===

2020 మార్చి 20న వ్యాయామశాలలను మూసివేయవలసిందిగా ప్రభుత్వం ఆదేశించింది. మార్చి 23న లాక్‌డౌన్ ప్రకటించి, రోజుకు ఒకసారి మాత్రమే వ్యాయామానికి బయటకు వెళ్ళవచ్చునని చెప్పింది. ఈ నియమం కొందరు వికలాంగులకు తీవ్రమైన ఇబ్బంది కలిగించింది. ఏప్రిల్ 8న మార్గదర్శకాలను సవరించి, నిర్దిష్టమైన ఆరోగ్య కారణం గలవారు రోజుకు రెండు మూడుసార్లు కూడా, అవసరమైతే తమ ప్రాంతం దాటి కూడా వెళ్ళవచ్చునని స్పష్టం చేశారు. ఆటిజం, అభ్యసన వైకల్యం ఇందులో ఉదాహరణలు. వైకల్యం గలవారికి వ్యాయామం విలాసం కాదని, ఆరోగ్య అవసరమని ఈ సవరణ ఒప్పుకున్నట్లయింది. ఇంగ్లండులో వ్యాయామశాలలు 2020 జూలై 25న తెరుచుకున్నాయి. తరువాతి లాక్‌డౌన్లలో మళ్ళీ మూతబడ్డాయి. 2021 ఏప్రిల్ 12న తిరిగి తెరిచినా, నాలుగు గోడల మధ్య పెద్దవారి సామూహిక తరగతులకు మే 17 వరకు ఆగవలసి వచ్చింది. ఇంగ్లండులో పార్క్‌రన్ 5 కిలోమీటర్ల కార్యక్రమాలు 2021 జూలై 24న తిరిగి మొదలయ్యాయి.

=== ఆస్ట్రేలియా ===

2020 మార్చి 23న ఆస్ట్రేలియాలో వ్యాయామశాలలు మూతబడ్డాయి. కఠినమైన ఆంక్షలు మెల్‌బోర్న్ నగరంలో అమలయ్యాయి. అక్కడ 2020 ఆగస్టు 2 నుండి వ్యాయామానికి రోజుకు ఒక గంట, ఇంటికి 5 కిలోమీటర్ల లోపు మాత్రమే అనుమతించారు. రాత్రి కర్ఫ్యూ కూడా ఉండేది. 2013లో మొదలయిన జాతీయ వికలాంగుల బీమా పథకం కింద సహాయం పొందేవారు, తమ నిధులతో తక్కువ ధర ట్యాబ్లెట్ వంటి పరికరాలను కొని దూరం నుండి సేవలు పొందడానికి మహమ్మారి కాలంలో వీలు కల్పించారు. పరికరం కొనే ఖర్చును ప్రభుత్వ పథకం ద్వారా భరించడానికి ఇది ఒక నమూనా.

=== భారతదేశం ===

భారతదేశంలో 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, మార్చి 25 నుండి దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలయ్యాయి. ఉద్యానవనాలలో ఉదయపు నడక, యోగా తరగతులు నిలిచిపోయాయి. అదే మార్చి 25న కేంద్ర ప్రభుత్వం టెలిమెడిసిన్ మార్గదర్శకాలను విడుదల చేయడంతో నమోదయిన వైద్యులు ఫోను, వీడియో ద్వారా సలహా ఇవ్వడానికి స్పష్టమైన ఆధారం ఏర్పడింది. జూన్ 21న ఆరవ అంతర్జాతీయ యోగా దినోత్సవాన్ని బహిరంగ సభలు లేకుండా ఇళ్ళలోనే జరుపుకున్నారు. వ్యాయామశాలలు, యోగా కేంద్రాలు కంటైన్‌మెంట్ జోన్ల వెలుపల ఆగస్టు 5 నుండి తెరుచుకోవడానికి అనుమతి లభించింది. 2021 రెండవ విజృంభణలో ఆంక్షలు రాష్ట్రాల వారీగా అమలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో మే 5 నుండి మధ్యాహ్నం 12 గంటల తరువాత కర్ఫ్యూ విధించారు. తెలంగాణలో మే 12 నుండి లాక్‌డౌన్ మొదలై జూన్‌లో ముగిసింది.

=== మెదడు గాయం గలవారిపై ప్రత్యేక ప్రభావం ===

ఆంక్షలు అందరికీ ఒకటే అయినా వాటి భారం సమానంగా పడలేదు. దానికి కారణాలు కొన్ని:
* తరచుగా మారే నియమాలను గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం మతిమరపు గలవారికి కష్టం.
* దినచర్య ఒకసారి తెగిపోతే దానిని తిరిగి కట్టుకోవడానికి నెలలు పడుతుంది.
* మాస్కు వలన ముఖకవళికలు కనిపించవు. మాటను, భావాన్ని పోల్చుకోవడంలో ముందే ఇబ్బంది ఉన్నవారికి ఇది మరొక అడ్డంకి.
* దూరం పాటించడం వలన పట్టుకుని నడిపించే సహాయం అందదు. పడిపోయే ముప్పు ఉన్నవారికి ఇది ముఖ్యమైన లోటు.
* కదలిక తగ్గినప్పుడు కండరాల బిగువు, నడక సామర్థ్యం త్వరగా వెనకపట్టు పట్టవచ్చు.

== ప్రత్యామ్నాయ పద్ధతులు ==

మహమ్మారి కాలంలో వాడిన పద్ధతులు స్థూలంగా నాలుగు.

'''వీడియో తరగతులు:''' శిక్షకుడు తెరమీద చేసి చూపుతాడు, సభ్యులు ఇళ్ళలో అనుసరిస్తారు. జూమ్, వాట్సప్ వంటి సాధనాలు వాడుకలోకి వచ్చాయి. ఒక్క తెరలో పది మందిని ఒకేసారి గమనించడం కష్టం కనుక, తూలే సమస్య గలవారికి చిన్న బృందాలు లేదా వ్యక్తిగత తరగతులు మేలు.

'''టెలిఫోను:''' ఇంటర్నెట్ లేనివారికి శిక్షకుడు నియమిత సమయంలో ఫోను చేసి, వ్యాయామాన్ని గుర్తు చేసి, ఎలా జరిగిందో అడిగి తెలుసుకుంటాడు. కదలికను చూడలేకపోవడం దీని లోపం. చొరవ లోపించినవారికి ఆ పిలుపే మొదలు కావడం దీని గుణం.

'''ముద్రిత పత్రాలు, రికార్డు చేసిన వీడియోలు:''' ఎప్పుడు వీలైతే అప్పుడు వాడుకోవచ్చు. అయితే "ఎప్పుడైనా" అన్నది మెదడు గాయం గలవారిలో చాలామందికి "ఎప్పుడూ కాదు"గా మారే అవకాశం ఉంది. గోడ మీద క్యాలెండరు, ఫోనులో అలారం, చేసిన రోజున గుర్తు పెట్టే పట్టిక జతచేస్తే కొంత ప్రయోజనం ఉంటుంది.

'''ఆరుబయట చిన్న బృందాలు:''' ఆంక్షలు సడలిన తరువాత ఇద్దరు ముగ్గురు దూరం పాటిస్తూ పార్కులలో నడవడం మొదలయింది. గాలి ఆడే చోట వైరస్ సోకే అవకాశం తక్కువ కావడం వలన ఇది వ్యాయామానికి, మాట కలపడానికి అనువుగా ఉంటుంది.

పక్షవాతం తరువాత దూరం నుండి అందించే పునరావాసంపై 2020 జనవరిలో ప్రచురితమైన కాక్రేన్ సమీక్ష 22 పరీక్షలను, 1,937 మందిని పరిశీలించింది. ఈ పద్ధతి ముఖాముఖి చికిత్సకు తీసిపోకపోవచ్చునని సూచించే తక్కువ లేదా మధ్యస్థ స్థాయి ఆధారాలు ఉన్నాయని పేర్కొంది. మహమ్మారికి ముందే సిద్ధమయిన ఈ ఫలితాలు, దూరం నుండి వ్యాయామం నేర్పడానికి కొంత ధైర్యాన్నిచ్చాయి.

== తరగతి నిర్మాణం ==

వీడియో తరగతి సాధారణంగా ముప్పావు గంట నుండి గంట వరకు ఉంటుంది. మొదట పలకరింపులు, హాజరు, ఆనాటి ఆరోగ్య పరిస్థితిపై ప్రశ్నలు ఉంటాయి. తరువాత ఐదు పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కే కదలికలు, 20 నుండి 30 నిమిషాలు ముఖ్య వ్యాయామం, చివర నెమ్మదించే కదలికలు, కబుర్లు. చివరి కబుర్లను కాలం వృధాగా భావించరాదు. చాలామంది సభ్యులకు ఆ రోజున ఇంటివారితో కాక ఇతరులతో మాట్లాడే అవకాశం అదొక్కటే కావచ్చు.

ప్రత్యేక పరికరాలు లేకుండా ఇంటిలో చేయదగిన వ్యాయామాలు:
* గోడకు ఆనించిన గట్టి కుర్చీలో నుండి చేతుల సాయం లేకుండా లేచి, మళ్ళీ కూర్చోవడం
* వంటగది గట్టును పట్టుకుని మడమలు ఎత్తడం, పక్కకు అడుగులు వేయడం
* గోడకు చేతులు ఆనించి తోయడం
* నీళ్ళు నింపిన సీసాలను ఎత్తడం
* ఉన్నచోటనే నడవడం, వరండాలో లేదా పెరడులో నడవడం

వ్యాయామాన్ని నేర్పే పద్ధతి కూడా మారాలి. ఒకసారి ఒకే సూచన ఇవ్వాలి. చెప్పడమే కాక చేసి చూపాలి. ప్రతి తరగతిలోను ఒకే వరుస పాటించాలి, కొత్తది ఒకటి మాత్రమే చేర్చాలి. వెనుక సంగీతం, తెరమీద అనేక ముఖాలు ఏకాగ్రతను చెదరగొడితే వాటిని తొలగించాలి. అలసట ఎక్కువగా ఉండేవారికి ఉదయం వేళలు తరచు అనుకూలం.

శ్రమ తీవ్రతను నాడి వేగంతో కొలవడం అందరికీ సరిపడదు. బీటా బ్లాకర్ వంటి మందులు వాడేవారిలో నాడి వేగం ఎక్కువ పెరగదు. కొందరిలో గాయం వలననే నాడి నియంత్రణ దెబ్బతింటుంది. అందువలన స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ రూపొందించిన 6 నుండి 20 వరకు గల స్వీయ శ్రమ కొలబద్దను వాడతారు. ఇందులో 13 అంటే "కాస్త కష్టం" అని అర్థం. అంకెలు తికమక పెట్టేవారికి మాట పరీక్ష సులువు. మాట్లాడగలుగుతూ, పాట పాడలేని స్థితి మధ్యస్థ శ్రమకు గుర్తు. పురోగతిని తెలుసుకోవడానికి 30 సెకండ్లలో కుర్చీలో నుండి ఎన్నిసార్లు లేవగలరో లెక్కించే పరీక్షను వీడియోలో కూడా జరపవచ్చు.

== భద్రత ==

దూరం నుండి జరిగే తరగతిలో పడిపోతున్నవారిని శిక్షకుడు పట్టుకోలేడు. కనుక మొదటి తరగతికి ముందే కొన్ని విషయాలు నిర్ధారించుకోవాలి. సభ్యుని చిరునామా, ఇంట్లో ఉండే మరొకరి ఫోను నంబరు శిక్షకుని వద్ద ఉండాలి. తూలే సమస్య గలవారి పక్కన ఒకరు నిలబడాలి, లేదా వ్యాయామాలు కూర్చునే చేయాలి. నేల మీద తడి, జారే చాపలు, తీగలు లేకుండా చూడాలి. కెమెరాలో పాదాలు కూడా కనిపించాలి.

కొన్ని స్థితులలో వైద్యుని సలహా లేకుండా వ్యాయామం మొదలుపెట్టరాదు. అదుపులో లేని మూర్ఛలు, అదుపులో లేని రక్తపోటు, ఇటీవల జరిగిన మెదడు శస్త్రచికిత్స వీటిలో ముఖ్యమైనవి. పుర్రె ఎముకలో కొంత భాగాన్ని తొలగించినవారికి తల మీద ఏ చిన్న దెబ్బయినా ప్రమాదకరం. ఇటువంటివారు శీర్షాసనం, సర్వాంగాసనం వంటి తలక్రిందులుగా ఉండే ఆసనాలు వేయరాదు. తూలేవారికి సూర్య నమస్కారాలలో వంగి లేచే భంగిమలు కూడా ఇబ్బంది కలిగించవచ్చు, వాటిని కుర్చీలో కూర్చుని చేసే రూపంలోకి మార్చుకోవచ్చు. మూర్ఛ వ్యాధి గలవారు ఒంటరిగా ఈత కొట్టరాదు. వ్యాయామం మధ్యలో కొత్తగా తలనొప్పి, వాంతి, చూపు మసకబారడం, మాట తడబడడం, ఛాతీనొప్పి వస్తే వెంటనే ఆపి వైద్య సహాయం పొందాలి.

కోవిడ్-19 సోకినవారి విషయంలో అదనపు జాగ్రత్త అవసరం. వ్యాధి తగ్గిన తరువాత కూడా కొందరిలో కొద్ది శ్రమకే గంటలు లేదా రోజుల తరువాత లక్షణాలు తిరగబెడతాయి. అటువంటప్పుడు వ్యాయామాన్ని పట్టుదలగా పెంచడం మేలు చేయదు. మెదడు గాయం వలన కలిగే అలసట, కోవిడ్ అనంతర అలసట ఒకేలా కనిపించడం వలన వీటిని వేరుచేసి చూడడం వైద్యులకు కూడా కష్టమవుతుంది.

== పరిమితులు, విమర్శలు ==

దూరం నుండి నడిచే తరగతుల వలన కొందరికి మేలు జరిగింది. దూరప్రాంతాలవారు, వాహనం నడపలేనివారు, కొత్తవారి మధ్య ఆందోళన పడేవారు ఇంటి నుండే పాల్గొనగలిగారు. ప్రయాణపు అలసట తగ్గింది.

వీటిపై విమర్శలు కూడా ఉన్నాయి. మొదటిది అసమానత. స్మార్ట్‌ఫోను, మంచి ఇంటర్నెట్, వ్యాయామానికి చాలినంత చోటు ఉన్నవారికే ఇవి అందుతాయి. ఇంట్లో ఒకే ఫోను ఉండి, పిల్లల ఆన్‌లైన్ చదువుకు అదే కావలసినప్పుడు వ్యాయామం వెనక్కి పోతుంది. రెండవది తెర అలసట. వెలుతురు, శబ్దం భరించలేనివారికి గంట సేపు తెర చూడడమే శ్రమ. మూడవది కుటుంబంపై భారం. లింకు తెరవడం, కెమెరా సరిచేయడం, పక్కన నిలబడడం అన్నీ ఇంటివారి పనులయ్యాయి. తరగతి కేంద్రంలో జరిగినప్పుడు వారికి దొరికే విశ్రాంతి గంట, ఇంటికి మారినప్పుడు పని గంటగా మారింది. నాల్గవది, ఒంటరిగా జీవించేవారి సమస్య. వారిలో తూలే సమస్య గలవారికి భద్రమైన పద్ధతి కూర్చుని చేసే వ్యాయామాలకే పరిమితమయింది.

== తెలుగు రాష్ట్రాలలో పరిస్థితి ==

భారతదేశంలో తలకు తగిలే గాయాలకు రోడ్డు ప్రమాదాలు ప్రధాన కారణం. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2019లో దేశంలో 4,49,002 ప్రమాదాలు జరిగి 1,51,113 మంది మరణించారు. లాక్‌డౌన్ వలన రాకపోకలు తగ్గిన 2020లో కూడా 3,66,138 ప్రమాదాలలో 1,31,714 మంది మరణించారు. బ్రతికి బయటపడి, మెదడు గాయంతో జీవించేవారు ఈ మరణాల లెక్కలో కనిపించరు.

వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం గుర్తించిన వైకల్యాలు 21. ఇందులో మెదడు గాయం అనే ప్రత్యేక వర్గం లేదు. గాయం వలన కాలు చేయి పడిపోతే చలన వైకల్యం కింద, మాట పోతే వాక్, భాషా వైకల్యం కింద ధ్రువపత్రం కోరవలసి ఉంటుంది. మతిమరపు, చొరవ లోపం, అలసట మాత్రమే మిగిలినవారి ఇబ్బంది ఏ గడిలోను సులువుగా ఇమడదు. ధ్రువపత్రం లేకుంటే పింఛను వంటి సహాయాలు పొందడం కష్టం.

హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ, విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రులలో నరాల శస్త్రచికిత్స అందుబాటులో ఉంది. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన తరువాత సాగవలసిన వ్యాయామం ఎక్కువగా కుటుంబం చేతిలోనే ఉంటుంది. భార్య, తల్లి, అన్నదమ్ములు శిక్షకుల పాత్ర వహిస్తారు. ఈ కారణంగా లాక్‌డౌన్‌లో కేంద్రం మూతబడడం అనే సమస్య, కేంద్రమే ఎరుగనివారికి వర్తించలేదు. వారికి ఎదురయిన నష్టం వేరు: ఆసుపత్రికి తిరిగి చూపించుకోవడానికి బస్సులు, రైళ్ళు లేకపోవడం, ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు రాలేకపోవడం, వీధి అరుగు మీద, గుడి వద్ద, పార్కులో నలుగురితో గడిపే అలవాటు ఆగిపోవడం. వ్యాయామం అన్న పేరు లేకపోయినా ఈ అలవాట్లే చాలామందికి రోజూ నడవడానికి కారణాలు.

== మహమ్మారి అనంతరం ==

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్-19 అత్యవసర పరిస్థితి ముగిసినట్లు ప్రకటించింది. అప్పటికే చాలా దేశాలలో సామూహిక వ్యాయామం తిరిగి మొదలయింది. తిరిగి రావడం కొందరికి సులువు కాలేదు. దారుఢ్యం తగ్గినవారు, బయటకు రావడానికి భయపడేవారు, పాత దినచర్య పూర్తిగా మరచినవారు మొదటి మెట్టు నుండి ప్రారంభించవలసి వచ్చింది. ఇటువంటివారికి మొదట ఫోను పలకరింపు, తరువాత ఒక్కరితో నడక, ఆ తరువాత చిన్న బృందం అనే క్రమం అనుకూలం.

ఈ కాలపు అనుభవం నుండి గ్రహించదగిన అంశాలు:
* ముఖాముఖి తరగతిని, దూరం నుండి జరిగే తరగతిని కలిపి నడపడం వలన రాలేనివారు కూడా సభ్యులుగా మిగులుతారు.
* ప్రతి సభ్యునికి ఇంటి వద్ద చేయదగిన వ్యాయామ ప్రణాళిక ముందే రాసి ఉంచితే, కేంద్రం మూతబడిన రోజున పని ఆగిపోదు.
* ప్రజారోగ్య ఆంక్షలు విధించేటప్పుడు, బయట వ్యాయామం ఆరోగ్య అవసరమైన వికలాంగులకు మొదటి రోజు నుండే మినహాయింపు ఉండాలి.
* కార్యక్రమం ఫలితాన్ని కండరాల బలంతోనే కాక, ఎంతమంది క్రమంగా వచ్చారు, కుటుంబానికి ఎంత విశ్రాంతి దొరికింది అన్న విషయాలతో కూడా కొలవాలి.

== ఇవి కూడా చూడండి ==
* మెదడు
* పక్షవాతం
* కోవిడ్-19
* ఫిజియోథెరపీ
* యోగా
* రోడ్డు ప్రమాదాలు